డ్రెస్సుకు అయిదు నిమిషాలు, డ్యూటీకి 160 గంటలు

స్టూడియోలో కాస్ట్యూమర్‌ని అడిగి చూడండి. "సెక్యూరిటీ వేషం" అంటే చాలు, కొలతలైనా తీసుకోడు. కొక్కేనికి వేలాడే ఖాకీ చొక్కా ఒకటి, నెత్తిన టోపీ ఒకటి, చేతికి లాఠీ ఒకటి, మెడలో విజిల్ ఒకటి... అయిదు నిమిషాల్లో మనిషి తయారు! ఆ తర్వాత మన సినిమాల్లో అతగాడికి ఉండే పనులు మూడే. హీరో కారు వస్తే గేటు తీసి సెల్యూట్ కొట్టడం, దొంగలు వచ్చే వేళకి సరిగ్గా కుర్చీలో కునుకు తీయడం, క్లైమాక్సులో హీరోగారు ఒక్క గుద్దు గుద్దితే పల్టీ కొట్టి అద్దాల బల్ల మీద పడ్డం. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ పల్టీలకు ఈల వేసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఈ వారం ఆ వేషం సంగతి కాదు, ఆ డ్యూటీ సంగతి మాట్లాడుకుందాం. మొన్న ఒక ప్రీ రిలీజ్ ఫంక్షన్‌కు వెళ్లాక బుద్ధి పుట్టింది.

ఏ సినిమా, ఏ గ్రౌండ్ అని అడక్కండి. ఇనుప గేటు, దాని ముందు వెదురు బొంగుల బారికేడ్లు, వాటి వెనక నల్ల టీ షర్టులు వేసుకున్న కుర్రాళ్లు ఇరవై మంది వరకూ. వీపు మీద తెల్లటి పెద్ద అక్షరాలతో "సెక్యూరిటీ". అందరికీ కండలు ఉన్నాయి. హీరోగారి కారు మలుపు తిరిగిందో లేదో, జనం ఒక్కసారిగా గేటు మీదికి వచ్చేశారు. నల్ల టీ షర్టులు తమకు తెలిసిన విద్య ప్రదర్శించారు... "తోయండి, తోయండి" అంటూ ముందున్న వాళ్లను రెండు చేతులా వెనక్కి నెట్టడం మొదలెట్టారు. ముందువాణ్ణి తోస్తే వెనకవాడు ఆగుతాడా? వాడికి ముందు ఏం జరుగుతోందో కనిపించనే కనిపించదు. ఇటు నుంచి తోపు, అటు నుంచి తోపు, నలిగేది మధ్యవాడు.

ఆ మధ్యలో పదేళ్ల పిల్ల ఒకతె ఉంది. మొహం బారికేడ్‌కి నొక్కుకుపోయింది. అరుస్తోంది గాని ఆ డప్పుల మోతలో ఎవరికి వినిపిస్తుంది? ఇంతలో నల్ల టీ షర్టు కుర్రాడొకడు తన చోటు వదిలేసి, బొంగుల మీదికెక్కి, ఆ పిల్ల చంకల కింద చేతులు వేసి ఇవతలికి లాగేశాడు. అంతే! అర నిమిషం పని. హీరోగారు చెయ్యి ఊపారు, కెమెరాలు అటు తిరిగాయి, ఈ సంగతి ఎవరి దృష్టికీ రాలేదు.

ఫంక్షన్ అయ్యాక బయట టీ బండి దగ్గర ఆ కుర్రాడే కనిపించాడు. ఇరవై రెండేళ్లుంటాయి. పాలమూరు వైపు పల్లె. గ్లాసు పట్టుకున్న చెయ్యి ఇంకా వణుకుతోంది.

"బాగా లాగావయ్యా పిల్లని. ఎక్కడ నేర్పారు?" అన్నాను.

"నేర్పుడేంది సార్? మా జిమ్ముల అన్న ఫోన్ చేసిండు, వచ్చిన. టీ షర్ట్ ఇచ్చిండ్రు, లైన్ల నిలబెట్టిండ్రు. గంతే."

"మంటలు లేచాయనుకో, జనాన్ని ఏ గేటు నుంచి పంపిస్తావు?"

"గది సూపర్‌వైజర్‌కు తెలుస్తది గావచ్చు సార్" అన్నాడు. కాసేపాగి, "ఇయ్యాల పైసల్ల సగం కోసిండ్రు. ప్లేస్ ఇడిసిపెట్టినవ్ అని" అన్నాడు.

చూశారా! మనిషిని కాపాడినందుకు జీతం కోత! ఇదే సినిమాలో అయితే ఆ పిల్ల తండ్రి కోటీశ్వరుడై ఉండును, ఇంటర్వెల్ లోపల ఈ కుర్రాడికి కారూ, బంగళా వచ్చి ఉండును. టీ బండి దగ్గర మాత్రం సగం కూలే వచ్చింది.

ఇంటికొచ్చి చట్టం తిరగేశాను. చట్టం లేదనుకున్నాను గాని, ఉంది! ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం అని పార్లమెంటు 2005లో చేసింది, 2006 మార్చి 14 నుంచి అమల్లోకి వచ్చింది. గార్డులను సరఫరా చేసే ఏ ఏజెన్సీ అయినా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కంట్రోలింగ్ అథారిటీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఆ అధికారి హోం శాఖలో జాయింట్ సెక్రటరీ హోదాకు తగ్గకూడదు. అంటే ఎవరో గుమాస్తా ముద్ర కొట్టి పంపే వ్యవహారం కాదన్నమాట. లైసెన్సు గడువు అయిదేళ్లు. అది లేకుండా వ్యాపారం చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూనూ.

"బౌన్సర్లు వేరు, గార్డులు వేరు" అనేవాళ్లున్నారు. చట్టంలో గార్డు అంటే ఎవరు? ఆయుధం ఉన్నా లేకపోయినా, మరో మనిషికి గాని, ఆస్తికి గాని రక్షణ ఇచ్చే ప్రైవేటు మనిషి. టీ షర్టు రంగును బట్టి నిర్వచనం మారదు.

ఇక అసలు సంగతి... తర్ఫీదు. 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం గార్డుకు 100 గంటలు క్లాసులో పాఠం, 60 గంటలు బయట ప్రాక్టీసు, మొత్తం 160 గంటలు. కనీసం ఇరవై పనిదినాలు పట్టాలి. మాజీ సైనికులకూ, మాజీ పోలీసులకూ మాత్రం 40 గంటలు క్లాసు, 16 గంటలు ప్రాక్టీసు చాలు, వాళ్లకు ఏడు రోజులు. సిలబస్ చూస్తే కళ్లు తిరిగాయి నాకు! యూనిఫారం సరిగా వేసుకోవడం దగ్గర్నుంచి మొదలై మంటలార్పడం, ప్రథమ చికిత్స, గుర్తింపు కార్డులు తనిఖీ చేయడం, అనుమానపు బాంబులను గుర్తుపట్టడం, పోలీసు స్టేషన్లో ఎఫ్.ఐ.ఆర్. ఎలా ఇవ్వాలో తెలుసుకోవడం... అన్నిటి మధ్యా ఒక పాఠం పేరు గుంపును అదుపు చేయడం! మా పాలమూరు కుర్రాడికి అందనిది సరిగ్గా ఆ పాఠమే.

శరీర కొలతలూ ఉన్నాయి. మగవాడైతే 160 సెంటీమీటర్లు, ఆడమనిషైతే 150 సెంటీమీటర్ల ఎత్తు. కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి. మన హీరోల్లో ఎంతమంది నెగ్గుతారో ఆ లెక్క వేయడం ఈ కాలమ్ ఆరోగ్యానికి మంచిది కాదు గనక వదిలేస్తున్నాను. ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి. పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజరు ఉండాలి. డ్యూటీలో ప్రతివాడి దగ్గరా నోటుబుక్కూ, కలమూ ఉండాలి. మరీ బిగుతుగానూ, మరీ వదులుగానూ లేని బట్టలు తొడగాలి. అంతేనా? సైన్యం, పోలీసుల యూనిఫారం గాని, దాన్ని పోలిన డ్రెస్సు గాని గార్డు వేసుకుంటే ఏడాది దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ అని 2005లోనే రాశారు. సినిమాలో వేస్తే వేషం, గేటు దగ్గర వేస్తే నేరం!

మరి ఇంత చట్టం ఉండగా ఆ గేటు దగ్గర అలా ఎందుకు జరిగినట్టు?

2024 డిసెంబరు 4 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర "పుష్ప-2" ప్రీమియర్‌కు జనం విరగబడ్డారు. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు చావుబతుకుల మధ్య ఆసుపత్రి పాలయ్యాడు. తప్పెవరిది, ఎంత అన్నది కోర్టులు తేల్చవలసిన విషయం, అందులోకి నేను పోను. ఆ నెలలోనే హైదరాబాద్ పోలీసు కమిషనరు బౌన్సర్లనూ, వాళ్లను పంపే ఏజెన్సీలనూ గట్టిగా హెచ్చరించారు... జనం మీదా, పోలీసుల మీదా చెయ్యి వేస్తే ఊరుకోమని. మంచిదే. కాని హెచ్చరిక ప్రమాదం తర్వాత వచ్చింది. తర్ఫీదు ముందు రావాలి. చెయ్యి ఎక్కడ వేయకూడదో చెప్పారు సరే, ఎక్కడ వేయాలో ఎవరు చెబుతారు?

చెప్పించవలసింది ప్రభుత్వమే. చట్టం ఆ అధికారం పూర్తిగా ఇచ్చింది. అధికారులు ఏజెన్సీ ఆఫీసులోకి వెళ్లి రికార్డులు చూడవచ్చు. గార్డుల పేర్లు, ఫోటోలు, జీతాలతో సహా రిజిస్టరు ఉండాలి. తర్ఫీదు ఇచ్చే చోటును మామూలుగా ఏడాదికి కనీసం రెండుసార్లు తనిఖీ చేయాలని నమూనా నియమాల్లోనే ఉంది. తర్ఫీదు లేనివాణ్ణి డ్యూటీకి పంపితే 25 వేల దాకా జరిమానా, పైగా లైసెన్సు సస్పెన్షనో, రద్దో. కాగితం మీద ఏమీ తక్కువ లేదు.

లోటంతా కాగితానికీ గేటుకీ మధ్య ఉంది. తనిఖీ అంటే ఆఫీసులో రిజిస్టరు చూడ్డం అయితే, రిజిస్టరు ఎప్పుడూ అందంగానే ఉంటుంది! కంటిన్యుయిటీ చూసే అసిస్టెంటు డైరెక్టరు కూడా అంత జాగ్రత్తగా రాయడు. ఆ తనిఖీ ఏదో ఫంక్షన్ గేటు దగ్గర, సాయంత్రం ఆరింటికి, చెప్పకుండా జరగాలి. వరసలో నిలబడ్డ కుర్రాణ్ణి పిలిచి, "నీ సర్టిఫికెట్ ఏదీ, నీ ఫోటో కార్డు ఏదీ, మంటలు లేస్తే ఏ గేటు?" అని మూడు ప్రశ్నలు వేయాలి. లైసెన్సు నిజమో కాదో అక్కడ తేలిపోతుంది.

ఇంకో చిక్కు ఉంది, అది నాకు టీ బండి దగ్గరే తెలిసింది. "ఇరవై రోజులు ట్రైనింగ్ ఇస్తే పోతావా?" అని అడిగాను. "ఇరవై రోజులు కూలి లేకుంటే ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది సార్?" అన్నాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. తర్ఫీదు పూర్తయినవాణ్ణే పంపే బాధ్యత చట్టం ఏజెన్సీ మీద పెట్టింది. ఆ ఇరవై రోజుల తిండి ఖర్చు మాత్రం కుర్రాడి నెత్తిన పడుతోంది. అందుకే వాడు జిమ్ము నుంచి నేరుగా గేటుకు వస్తున్నాడు. ప్రభుత్వం ఈ ఒక్క ముడి విప్పాలి. నేర్చుకునే రోజులకూ కూలి ఇప్పించాలి. ఆ సర్టిఫికెట్ ఏజెన్సీ బీరువాలో గాక కుర్రాడి జేబులో ఉండేలా చూడాలి. రేపు ఏజెన్సీ మారినా చదువు అతనిదే కదా!

ఫంక్షన్లు చేసే నిర్మాతలకూ ఒక మనవి. "తలకు ఎంత?" అని బేరమాడే ముందు "లైసెన్సు ఏదీ?" అని ఒక్క మాట అడగండి. స్టేజీ మీద పూలకు పెట్టే ఖర్చులో కొంత గేటు మీద పెట్టండి. స్టేజీ కూలితే పదిమందికి దెబ్బలు తగులుతాయేమో గాని, గేటు దగ్గర తప్పు జరిగితే వందలమంది నలుగుతారు. వాళ్లంతా మీ సినిమాకు టిక్కెట్టు కొనేవాళ్లేనండీ!

మీ అపార్టుమెంటు వాచ్‌మన్‌ మాటేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. ఏజెన్సీ లేకుండా మీరే నేరుగా పెట్టుకున్న మనిషి దాకా ఈ చట్టం రాదు. అక్కడ కంట్రోలింగ్ అథారిటీ మీరే! లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే ఏం చేయాలో, మంటలార్పే ఆ ఎర్ర సిలిండరు పిన్ను ఎలా లాగాలో ఒక ఆదివారం అతనికి చూపించండి. ముందు మీకు తెలియాలనుకోండి, అది వేరే సంగతి.

ఆ కుర్రాడు టీ తాగి, టీ షర్టు విప్పి మడతపెట్టాడు. తిరిగి ఇచ్చెయ్యాలట. లోపల పాత గళ్ల చొక్కా. వీపు మీద అక్షరాలు పోయేసరికి మామూలు పల్లెటూరి పిల్లాడిలా ఉన్నాడు. "మళ్లా ఆదివారం ఇంకో ఫంక్షన్ ఉంది సార్" అన్నాడు.

"మళ్లీ ఎవరైనా నలుగుతుంటే?" అన్నాను.

కాస్త ఆలోచించాడు. "గుంజుతనే సార్. కోస్తే కోయనియ్" అన్నాడు.

ఆ ఆదివారం లోపల ఎవరైనా అతనికి ఆ ఒక్క పాఠం చెబితే బాగుండును. వచ్చే వారం కలుద్దాం.