స్మగ్లరుకు దారి వేసిన రెండు చట్టాలు

2017 మార్చిలో మయామీ ఫెడరల్ కోర్టులో హోసే అబ్రేయు సాక్ష్యం చెప్పాడు. అప్పటికే ఈ క్యూబా ఆటగాడు చికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టుకు ప్రధాన బ్యాటర్. 2013లో హైతీ నుంచి మయామీకి వస్తూ, విమానంలోనే దొంగ పాస్‌పోర్టులోని ఒక పేజీని ముక్కలుగా చింపి బీరుతో మింగేశానని జ్యూరీకి వివరించాడు. గడువులోగా అమెరికా చేరకపోతే ఆరేళ్లకు 6.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేజారిపోతుందన్నది అతడి భయం. క్యూబా ఆటగాళ్లను అక్రమంగా తరలించారన్న ఆ కేసులో అతడి ఏజెంటు, అతడి శిక్షకుడు దోషులుగా తేలారు. ఆ తీర్పు న్యాయమైనదే. అయితే ఒక ఆటగాడు కాగితం నమిలి మింగాల్సిన దుస్థితిని తెచ్చిన వాళ్లు ఆ కోర్టు మెట్లు ఎక్కలేదు. వాళ్లలో ఒకరు హవానాలో ఉన్నారు, మరొకరు వాషింగ్టన్‌లో.

అబ్రేయు 1987లో సియెన్‌ఫ్వేగోస్ రాష్ట్రంలో పుట్టాడు. క్యూబా జాతీయ లీగ్‌లో 2010-11 సీజన్‌లో 66 ఆటల్లో 33 హోమ్ రన్లు కొట్టాడు. బేస్‌బాల్‌లో నూటికి ముప్ఫై సార్లు బంతిని సరిగా కొట్టి బేస్ చేరితేనే మేటి బ్యాటర్ అంటారు. ఆ ఏడాది అతడి సగటు నూటికి 45. అయినా సొంత దేశంలో అతడికి దక్కింది నామమాత్రపు ప్రభుత్వ జీతమే. 1961లో కాస్ట్రో ప్రభుత్వం వృత్తి క్రీడలను నిషేధించింది. ఆ తర్వాత విదేశీ జట్టుకు సంతకం చేయాలంటే దేశం విడిచి పారిపోవడం దాదాపు ఒక్కటే దారి. పారిపోయిన వాడికి ద్రోహి ముద్ర వేశారు, ఏళ్ల తరబడి తిరిగి రానివ్వలేదు. అబ్రేయు పడవలో హైతీకి వెళ్లినప్పుడు పసివాడైన కొడుకు క్యూబాలోనే ఉండిపోయాడు. 2015 డిసెంబర్‌లో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ బృందంతో హవానా వెళ్లినప్పుడు గానీ ఆ తండ్రి బిడ్డను మళ్లీ చూడలేదు. ఏ సిద్ధాంతం పేరు చెప్పినా ఈ శిక్షను నేను సమర్థించలేను.

అవతలి ఒడ్డున కథ ఇంకా విచిత్రం. 1962 నుంచి క్యూబాపై అమెరికా వాణిజ్య ఆంక్షలు ఉన్నాయి. అందుకే క్యూబాలో ఉంటున్న ఆటగాడితో ఏ అమెరికన్ జట్టూ ఒప్పందం చేసుకోలేదు. పోనీ ఆటగాడే నేరుగా మయామీ వచ్చి ఆశ్రయం కోరితే? అప్పుడు అతడు డ్రాఫ్ట్‌లోకి వెళ్లాలి. అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిలోకి. ఏ జట్టు ఎంచుకుంటే ఆ జట్టుతోనే బేరం. మెక్సికోలోనో, హైతీలోనో, డొమినికన్ రిపబ్లిక్‌లోనో నివాసం సంపాదించి వస్తే మాత్రం స్వేచ్ఛగా అన్ని జట్లతోనూ బేరమాడుకోవచ్చు. ఈ రెండు దారుల మధ్య తేడా కోట్ల డాలర్లు. ఆ కోట్లలో వాటా కోసమే స్మగ్లర్లు పడవలు నడిపారు, దొంగ పత్రాలు పుట్టించారు. 2012లో పడవెక్కిన మరో క్యూబా ఆటగాడు యాసియెల్ పుయీగ్‌ను మెక్సికో తీరంలోని ఒక దీవిలో, తమ డబ్బు అందేదాకా స్మగ్లర్లు కదలనివ్వలేదు. ఆ సొమ్ము చెల్లింపు గొడవ అతడు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో ఆడుతున్నప్పుడు కూడా వెంటాడింది.

ఈ దొంగదారికి ప్రత్యామ్నాయం లేదనే వాళ్లు జపాన్ వైపు చూడాలి. 2013 సెప్టెంబర్‌లో క్యూబా తన నిబంధన సడలించి, విదేశీ లీగుల్లో ఆడటానికి అనుమతించింది. అబ్రేయు పడవెక్కి అప్పటికి కొద్ది వారాలే అయింది. ఆల్ఫ్రెడో డెస్పైన్యే 2014లో చీబా లోట్టె మెరీన్స్‌కు, 2017లో ఫుకువోకా సాఫ్ట్‌బ్యాంక్ హాక్స్‌కు వెళ్లాడు. 2017లోనే 35 హోమ్ రన్లతో జపాన్ పసిఫిక్ లీగ్‌లో అందరికన్నా ముందు నిలిచాడు. జపాన్ సీజన్ ముగిశాక ఇంటికి వచ్చి క్యూబాలో గ్రాన్మా జట్టుకు ఆడాడు, జాతీయ జట్టుకూ ఆడాడు. పినార్ దెల్ రియో కుర్రాడు లివాన్ మొయినెలో 2017లో అదే హాక్స్‌లో శిక్షణ ఆటగాడిగా చేరి, 2024లో పసిఫిక్ లీగ్‌లోనే అతి తక్కువ పరుగులిచ్చే సగటు సాధించిన పిచర్ అయ్యాడు. వాళ్లు వెళ్లింది విమానంలో, తమ పేరున్న పాస్‌పోర్టుతో. ఆటలో పస ఉండి, కాగితం సక్రమంగా ఉంటే చాలని వాళ్లు చూపించారు.

2018 డిసెంబర్‌లో అమెరికాకూ ఇలాంటి దారే పడింది. మేజర్ లీగ్, దాని ఆటగాళ్ల సంఘం, క్యూబా బేస్‌బాల్ సమాఖ్య కలిసి ఒప్పందం చేసుకున్నాయి. 25 ఏళ్లు నిండి, ఆరేళ్లు దేశంలో ఆడిన వాడిని సమాఖ్య వదిలిపెట్టాలి. బదులుగా కొనే జట్టు సమాఖ్యకు రుసుము కట్టాలి. మేజర్ లీగ్ ఒప్పందమైతే విలువను బట్టి 15 నుంచి 20 శాతం. ఆ సొమ్ము ఆటగాడి జీతంలోంచి కోసేది కాదు, జట్టు అదనంగా ఇచ్చేది. జపాన్ ఆటగాళ్లను తీసుకునేటప్పుడు అక్కడి క్లబ్బులకు కట్టేదీ ఇలాంటిదే. సమాఖ్య 34 మంది పేర్లతో తొలి జాబితా కూడా విడుదల చేసింది. కొద్ది రోజులకే, 2019 ఏప్రిల్ 8న, ట్రంప్ ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. సమాఖ్య క్యూబా ప్రభుత్వంలో భాగమని, దానికి డబ్బు కట్టడం ఆంక్షల ఉల్లంఘన అని చెప్పింది.

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. క్యూబాలో క్రీడా సమాఖ్య ప్రభుత్వ చేయి దాటి ఉంటుందని ఎవరూ నమ్మరు. పౌరుడి ప్రతిభపై రాజ్యం రుసుము వసూలు చేయడం నాకూ మింగుడుపడదు. ఐతే ఆ రుసుము ఆగినంత మాత్రాన ఆటగాడికి స్వేచ్ఛ రాలేదు. సమాఖ్యకు వెళ్లాల్సిన వాటా మళ్లీ పడవ నడిపేవాడి లెక్కలోకి చేరింది. హవానాను శిక్షించామని చెప్పుకున్నవాళ్లు నిజానికి శిక్షించింది పాతికేళ్ల కుర్రాళ్లను.

ఫలితం చూడటానికి ఎక్కువ కాలం పట్టలేదు. 2021లో మెక్సికోలో జరిగిన 23 ఏళ్లలోపు ప్రపంచ కప్‌కు వెళ్లిన క్యూబా జట్టులో దాదాపు సగం మంది తిరిగి రాలేదు. మరోవైపు, అమెరికా ప్రత్యేక అనుమతి ఇవ్వడంతో 2023లో యోవాన్ మొంకాడా, లూయిస్ రాబర్ట్ లాంటి మేజర్ లీగ్ ఆటగాళ్లు వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో క్యూబా చొక్కా తొడుక్కున్నారు. ఆ జట్టు సెమీఫైనల్ దాకా వచ్చి, మయామీలో అమెరికా చేతిలో 14-2తో ఓడింది. ఒక టోర్నీ కోసం అనుమతి దొరికినప్పుడు, ఒక జీవితకాలపు ఉద్యోగానికి ఎందుకు దొరకదు?

2018 ఒప్పందాన్ని తిరిగి తెరవడానికి ఆంక్షల చట్టాన్ని మార్చాల్సిన పని లేదు. దాన్ని రద్దు చేసింది ప్రభుత్వ నిర్ణయమే కాబట్టి, మరో ప్రభుత్వ నిర్ణయంతో అది మళ్లీ అమల్లోకి రావచ్చు. రుసుము నేరుగా సమాఖ్యకు ఇవ్వడం ఇష్టం లేకపోతే, మూడో దేశంలో ఖాతా తెరిచి, దాన్ని పిల్లల బేస్‌బాల్ మైదానాలకు, సామగ్రికే ఖర్చు చేయాలని షరతు పెట్టొచ్చు. హవానా కూడా 25 ఏళ్ల పరిమితిని తగ్గించాలి. 18 ఏళ్ల పిచర్ ఏడేళ్లు ఆగడు, భుజం ఎప్పుడు దెబ్బతింటుందో తెలియని ఆట అది. అతడు వరుసలో నిలబడే లోపే పడవవాడు వచ్చి తలుపు తడతాడు.