వేరే బోధ మన పిల్లల తలుపు తట్టినప్పుడు



మా నాన్నగారి తరానికి గడ్డిఅన్నారం అంటే బత్తాయి లారీలు. నల్లగొండ వైపు తోటల కాయ రాత్రికి రాత్రే అక్కడి పండ్ల మార్కెట్‌కు చేరేది. ఆ మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. ఇప్పుడు మా ఊళ్లలో గడ్డిఅన్నారం అంటే హాస్టళ్లే. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకి, కానిస్టేబుల్ పోస్టులకి చదివే పిల్లలు ఆ ఇరుకు గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటారు. మా చిన్న సంఘం నుంచే ఏడుగురు ఉన్నారు. వారిలో ఒక అమ్మాయి గురించి, అంతకంటే ఎక్కువగా మా గురించి, ఈ వారం రాస్తున్నాము.

ఆ బిడ్డ సండే స్కూల్లో మా ముందే పెరిగింది. పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆదివారం ఆరాధనకు రాలేదు. వాళ్లమ్మ ఏడ్చుకుంటూ వచ్చి చెప్పింది. మెట్రో స్టేషన్ దగ్గర ఇద్దరు అక్కలు పరిచయమయ్యారట. బైబిలు స్టడీ అన్నారు. ఆరు నెలలుగా వారానికి మూడు సాయంత్రాలు వెళ్తోందట. ఏ సంఘమో అడిగితే చెప్పదు. "మీ పాస్టరుకు ఇప్పుడే చెప్పకండి, ఆయనకు ఈ మర్మం బయలుపడలేదు" అన్నారట వాళ్లు.

మేము చేసిన మొదటి పని తప్పు పని. ఫోన్ చేసి గద్దించాము. "నరకానికి పోయే దారి పట్టావు" అన్నాము. ఆ అమ్మాయి మా నంబరు బ్లాక్ చేసింది. రెండో పని కూడా తప్పే. తరువాతి ఆదివారం వాక్యం పక్కన పెట్టి, మైకులో నలభై నిమిషాలు అబద్ధ బోధకుల మీద ప్రసంగించాము. అందరూ ఆమేన్ అన్నారు. ఆ వారంలోనే మన యౌవనస్థులు ఇద్దరు "అదేంటో చూద్దాం" అని ఆ వీడియోలు వెతికారని తరువాత తెలిసింది. మనం ఇచ్చిన ప్రచారం వాళ్లు డబ్బు పెట్టినా దొరికేది కాదు!

ప్రియులారా, ఈ అనుభవం తరువాత మేము కొంత వెనక్కి వెళ్లి చదువుకున్నాము.

మొదట మన చరిత్రే చూడండి. 1938లో రాజమండ్రిలో దేవదాసు అయ్యగారు బైబిలు మిషను ప్రారంభించినప్పుడు, ఆయన విడిచి వచ్చిన లూథరన్ సంఘంలో చాలామందికి అది తప్పుదారిగానే కనబడింది. ఈ రోజు బైబిలు మిషను విశ్వాసులు మన పొరుగు బల్ల దగ్గర కూర్చునే సహోదరులు. బక్త్ సింగ్ గారు హైదరాబాదులో హెబ్రోను మొదలుపెట్టినప్పుడు కూడా మిషను సంఘాల వారు ఆయనను గొర్రెలను ఎత్తుకుపోయేవాడని అన్నారు. 2000లో ఆయన నిద్రించినప్పుడు అంత్యక్రియలకు జనం ఎలా వచ్చారో చూసినవారు ఇంకా ఉన్నారు. కాబట్టి కొత్తగా ఉంది, మన పద్ధతిలో లేదు, మన సభ్యులు అటు వెళ్తున్నారు అన్నంత మాత్రాన అది అబద్ధ బోధ అయిపోదు. మార్కు 9వ అధ్యాయంలో మనతో కూడ తిరుగువాడు కాడని ఒకనిని ఆటంకపరచిన యోహానును ప్రభువు మెచ్చుకోలేదు.

అలాగని అన్నీ ఒకటే అని కూడా మేము అనము. తెలుగు గ్రామాల్లో విలియం బ్రెన్హామ్ అనుచరుల కూటములు చాలా ఉన్నాయి. వారిలో మంచి ప్రార్థనాపరులు ఉన్నారు, మా బంధువులూ ఉన్నారు. కాని 1965లో చనిపోయిన ఒక అమెరికా బోధకుడిని ప్రకటన 10వ అధ్యాయములోని ఏడవ దూతగా నమ్మి, ఆయన టేపుల వెలుగులో తప్ప బైబిలును చదవకపోతే, ఆ చోట మేము ఆగిపోతాము. అలాగే యెహోవాసాక్షులు. వారి ఇంగ్లీషు అనువాదంలో యోహాను 1:1 దగ్గర వాక్యము "ఒక దేవుడు" అని ఉంటుంది. ఆ ఒక్క చిన్న మాట మీదే వేరే విశ్వాసం నిలబడింది. ఇది కొత్త ప్రశ్న కాదు. కుమారుడు సృష్టింపబడినవాడని అలెగ్జాండ్రియాలో అరియస్ బోధించాడు. 325లో నీకయలో సంఘం కూడి దానికి జవాబు చెప్పింది. పదిహేడు వందల ఏళ్ల క్రితం సంఘ పెద్దలు జవాబిచ్చిన ప్రశ్నకు మన డిగ్రీ చదివిన పిల్లలు గుమ్మంలో నిలబడి నీళ్లు నములుతున్నారంటే, తప్పు తలుపు తట్టినవారిది మాత్రమే కాదు.

ఇంకొక సంగతి తెలిసి మేము నిజంగా ఉలిక్కిపడ్డాము. మొర్మోనుల గ్రంథ భాగాలు 1980ల మొదట్లో తెలుగులో వచ్చాయి. వాటిని అనువదించినది ఒక తెలుగు బాప్టిస్టు పాస్టరు గారు. 1978లో హైదరాబాదుకు ఆ బోధ తెచ్చినది ఆయన కూతురు, అల్లుడే. భారతదేశంలో వారి మొదటి స్టేక్, అంటే అనేక సంఘాలు కలిసిన వారి మండలం, 2012లో ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. కాబట్టి చదువురానివారే, వాక్యం తెలియనివారే అటు వెళ్తారనే మన అతిశయం నిలవదు. ఆ బోధ ముందుగా కూతురిలా, అల్లుడిలా, ప్రేమగల అక్కలా వస్తుంది.

మరి ఎలా స్పందించాలి? కొందరు సహోదరులు కోపంతో ఊగిపోతారు. "మళ్లీ వస్తే కాళ్లు విరగ్గొడతాం" అన్నాడు ఆ అమ్మాయి బాబాయి. అయ్యా, ఆ మాట మనం అనకూడదు. 2023 అక్టోబరు 29న కేరళలోని కలమస్సేరిలో యెహోవాసాక్షుల కూటంలో బాంబులు పేలాయి. చనిపోయినవారిలో పన్నెండేళ్ల పాప ఉంది. లొంగిపోయిన వ్యక్తి తాను ఒకప్పుడు ఆ కూటములోనివాడినేనని, వారి బోధకు వ్యతిరేకంగా చేశానని చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. బోధ తప్పయినంత మాత్రాన ఎవరి రక్తమూ చవక కాదు.

మరొకటి కూడా గుర్తుంచుకోండి. 1985లో కేరళలో ముగ్గురు యెహోవాసాక్షుల పిల్లలు జాతీయగీతానికి లేచి మర్యాదగా నిలబడ్డారు, కాని పాడలేదు. బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినది మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు. ఆ పిల్లలను కాపాడిన 25వ అధికరణమే మన ఊరి ప్రార్థన మందిరాన్ని కూడా కాపాడుతోంది. వారి నోరు మూయించమని మనం పోలీసు స్టేషనుకు వెళ్తే, రేపు అదే కాగితం మన మీదికి వస్తుంది. నేరం జరిగితే, అంటే డబ్బు గుంజినా, బిడ్డను నిర్బంధించినా, మందులు మానిపించినా, అప్పుడు ఫిర్యాదు చేయవలసిందే. బోధకు మాత్రం బోధతోనే జవాబు.

రెండవ యోహాను పత్రికలో అలాంటివారిని ఇంట చేర్చుకోవద్దని ఉందే అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. ఆ కాలంలో సంఘం ఇంటిలోనే కూడేది. బోధకుడిని ఇంట చేర్చుకోవడమంటే అతని బోధకు చోటివ్వడమే. మన మందిరంలో వారికి మైకు ఇవ్వము. గుమ్మంలో నిలబడ్డవారికి మంచినీళ్లు ఇవ్వకుండా పంపమని మాత్రం ఆ వచనం చెప్పడం లేదని మా అభిప్రాయం. ఈ విషయంలో మాతో ఏకీభవించని దైవజనులు ఉన్నారు.

చివరికి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లినది మేము కాదు, మన స్త్రీల సమాజంలోని ఒక పెద్దమ్మ. మామిడికాయ తొక్కు సీసా పట్టుకుని ఇబ్రహీంపట్నంలో బస్సెక్కి ఒక్కతే వెళ్లింది. హాస్టలు మెట్ల మీద కూర్చుని రెండు గంటలు ఆ బిడ్డ మాటలే విన్నది. వాదించడానికి ఆమెకు అంత వాక్యజ్ఞానం కూడా లేదు. అప్పుడు తెలిసినదేమిటంటే, ఆ బిడ్డ ప్రిలిమ్స్ తప్పినప్పుడు ఇంట్లో చెప్పుకోలేక మూడు రోజులు అన్నం తినలేదట. గది తలుపు తట్టి పెరుగన్నం తినిపించినది ఆ ఇద్దరు అక్కలే. "మన సంఘం నుంచి ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు పెద్దమ్మా" అందట. మేము నెలనెలా ఎల్బీనగర్ దాకా వచ్చేవాళ్లమే, మీటింగులకు. ఒక్కసారి కూడా గడ్డిఅన్నారం వైపు తిరగలేదు.

అకుల, ప్రిస్కిల్ల అపొల్లోను సమాజమందిరంలో అందరి ముందు నిలదీయలేదు. తమయొద్ద చేర్చుకుని విశదపరచారు (అపొ. కా. 18:26). మేము ఆ వాక్యం మీద ఎన్నోసార్లు ప్రసంగించాము.

ఇప్పుడు నెలకు రెండు శనివారాలు మేమూ, అమ్మగారూ వెళ్తున్నాము. మన ఏడుగురు పిల్లల్లో నలుగురు వస్తున్నారు. యేసు ఎవరు, ఆయన లేఖనములను ఎలా చదివాడు అని యోహాను సువార్త మొదటినుంచి చదువుతున్నాము. పిల్లలు ఏ వీడియోలో ఏమి విన్నా అక్కడ ధైర్యంగా అడగవచ్చు. వాళ్లకు ముందుగా చెప్పినది ఒక్కటే. మీ అమ్మానాన్నలకు చెప్పవద్దు అనే బైబిలు స్టడీకి వెళ్లవద్దు, మేము పెట్టినది అయినా సరే.

ఆ అమ్మాయి మా నంబరు బ్లాకు తీసింది. ఆ కూటానికి వెళ్లడం పూర్తిగా మానలేదు. పోయిన శనివారం వచ్చి వెనుక కూర్చుంది. వెళ్లేటప్పుడు, "అయ్యగారూ, వాళ్లు చెప్పేది తప్పయితే, నాకు వాళ్ల దగ్గర కలిగిన సమాధానం ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగింది. వెంటనే జవాబు చెప్పబోయి ఆగాము. ఈ వారమంతా ఆ ప్రశ్న పెట్టుకుని ప్రార్థిస్తున్నాము. మీరూ ప్రార్థించండి. శనివారం సాయంత్రం ఐదింటికి మళ్లీ అక్కడ ఉంటాము. గడ్డిఅన్నారం, కొత్తపేట, చైతన్యపురిలో మీ పిల్లలెవరైనా ఉంటే వారి హాస్టలు పేరు మాకు పంపండి.