ఒకటో తారీఖున అడగాల్సిన ప్రశ్న

నెల మొదటి రోజు తెల్లవారగానే కృష్ణా జిల్లా ఉయ్యూరు వీధుల్లో వార్డు సచివాలయ సిబ్బంది కనిపిస్తారు. మామ్మగారి చేత వేలిముద్ర వేయించుకుని, డబ్బు లెక్కపెట్టి చేతికిచ్చి, పక్కింటికి వెళ్లిపోతారు. ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ.4,000. అవసరమున్నవారి గడపకే డబ్బు చేరడం మామూలు విషయం కాదు. అయితే ఆ గడప దగ్గరే ‘ఇంకా దేనికి ఇబ్బంది పడుతున్నారు?’ అని అడగడం ఆ పనిలో భాగం కాలేదు.

ముందే అడిగి తెలుసుకోకపోతే ఏమవుతుందో 2024 వేసవి చూపించింది. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను ఇచ్చిన వాలంటీర్లను ఎన్నికల సంఘం పంపిణీకి దూరంగా ఉంచమన్నాక, ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా ముసలివాళ్లు ఎండలో సచివాలయాలకు నడిచారు. మే నెలలో చాలామంది సొమ్ము ఖాతాల్లో పడటంతో బ్యాంకుల ముందు బారులు తీరారు. నడవలేనివారెవరు, ఖాతా వాడుకలో లేనివారెవరు, తోడు మనిషి లేనివారెవరు అన్న జాబితా వార్డువారీగా ఉంటే ఆ అవస్థ చాలావరకు తప్పేది.

ఈ అవసరం ఏటా పెరిగేదే. కేంద్ర గణాంక శాఖ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్ జనాభాలో అరవై దాటినవారు అప్పటికి 12.4 శాతం, 2031 నాటికి 16.4 శాతం అవుతారని అంచనా. కృష్ణా డెల్టా ఊళ్లలో దీనికి వలస తోడైంది. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటే, ఇక్కడ ఇంటికి ఇద్దరో ఒక్కరో మిగులుతున్నారు.

అలాగని సర్వేలకు కొదవ లేదు. 2016లో ట్యాబులు పట్టుకుని ప్రజాసాధికార సర్వే చేశారు. 2025లో పేదరిక నిర్మూలన కార్యక్రమం ‘పీ4’ కోసం పేద కుటుంబాలను గుర్తించారు. ఇవి ప్రధానంగా ఆ ఇంటికి ఏముందో తేల్చే లెక్కలు. జవాబు చెప్పేది కూడా తరచూ కొడుకో కోడలో. ఇక 2017-18లో 45 ఏళ్లు నిండినవారిని, వారి జీవిత భాగస్వాములను కలిపి 72 వేల మందికి పైగా ప్రశ్నించిన ‘లాసీ’ అధ్యయనం దేశంలోని పెద్దల్లో చాలామందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉందని తేల్చింది. అది విధానాలకు పనికొస్తుంది. ఉయ్యూరులో ఏ వీధి తాతగారికి బీపీ మాత్రలు తెచ్చిపెట్టే మనిషి లేడో అందులో దొరకదు.

ఎలా అడగాలన్నదానికి నమూనాలు ఉన్నాయి. లండన్‌లో రూపుదిద్దుకుని 2000లో ప్రచురితమైన ‘కేన్’ పద్ధతిలో ఇల్లు, తిండి, చూపు, వినికిడి, డబ్బు, తోడు వంటి 24 విషయాలపై పెద్దవారిని, వారిని చూసుకునేవారిని, సిబ్బందిని విడివిడిగా అడుగుతారు. తీరిన అవసరాన్నీ తీరనిదాన్నీ వేర్వేరుగా రాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయోమిత్ర నగరాల మార్గదర్శిని తెచ్చే ముందు 33 నగరాల్లో పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించింది. వాటిలో మన ఉదయపూర్ కూడా ఉంది.

ఉయ్యూరుకు అంత పెద్ద పత్రం అక్కర్లేదు. రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే ఎవరిని పిలుస్తారు? మందులు ఎవరు తెస్తారు? బ్యాంకుకు ఎవరితో వెళ్తారు? 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. ఆ బస్సు మెట్లు మామ్మగారు ఎక్కగలుగుతున్నారా? అయిదో ప్రశ్న మరీ ముఖ్యం: పోషణ చూడని పిల్లలపై ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలుసా? తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద ఈ ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్ ఆర్డీవో నేతృత్వంలో పనిచేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఉయ్యూరు రెవెన్యూ డివిజన్ అయ్యాక అందుకోసం మరో ఊరు వెళ్లే పని తప్పింది. పెద్దల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది. ఈ సంగతులు తెలియనివారికి అక్కడికక్కడే చెప్పవచ్చు.

అడిగి వదిలేస్తే మాత్రం మరోసారి ఎవరూ నోరు విప్పరు. జవాబులను పేర్లు లేకుండా వార్డువారీగా క్రోడీకరించాలి. మూడు నెలల్లో ఏం చేశారో, ఏది చేయలేకపోయారో సచివాలయం గోడ మీద రాయాలి. పింఛను అందని పెద్దలను కూడా ఈ లెక్కలోకి తేవాలి. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో డబ్బుకంటే తోడుకే కరువు.

నగర పంచాయతీ పెద్దలు ఒక్క వార్డుతో మొదలుపెట్టండి. వచ్చే ఒకటో తారీఖున సిబ్బందికి పింఛను సొమ్ముతోపాటు ఈ అయిదు ప్రశ్నల కాగితం, ఇంటికి పది నిమిషాల సమయం ఇవ్వండి. కొడుకునూ కోడలినీ కాసేపు పక్కన ఉండమని, పెద్దావిడనే అడగమనండి.