చేసినదే చేయు బాలుడు

కలువాయిలో నెల్లూరు బస్సు వచ్చు వేళకు ఒక బాలుడు అరుగుపై చింతగింజలను వరుసగా పేర్చుచున్నాడనుకొనుడు. ఒక్క గింజ ప్రక్కకు జరిగినను వాడు పెద్దపెట్టున ఏడ్చును. “బస్సెప్పుడు వచ్చునమ్మా?” అని తల్లి నడుగును, ఆమె చెప్పిన వెంటనే మరల అదే యడుగును. ఇరుగుపొరుగువారు ఊరకుండరు. కొందఱు మొండితనమందురు, కొందఱు గాలి సోకినది, తాయెత్తు కట్టింపుమందురు. బడిపిల్లలు ఒక గింజను దాచి, వాని యేడ్పును జూచి నవ్వుదురు. వీరిలో మిక్కిలి అపకారము చేయువారు కడపటివారే.

ఇట్టి పిల్లలనుగూర్చి 1943లో అమెరికాలోని బాల్టిమోరు వైద్యుడు లియో కానర్ ఒక వ్యాసము ప్రకటించెను. తాను చూచిన 11 మంది పిల్లలలో ఒంటరితనమందలి మక్కువను, చుట్టునున్నదంతయు నిన్నటివలెనే నేడును ఉండవలెనను గాఢమైన పట్టుదలను అతడు గుర్తించెను. ఆ స్థితినే నేడు ఆటిజం అనుచున్నారు. బుద్ధివికాసము మందగించిన మఱికొందఱు పిల్లలలోను ఈ మరల మరల చేయు లక్షణము కనబడును. మెదడు ఎదుగుదలలోని భేదమే దీనికి మూలము. ఇది దయ్యము పని కాదు. తల్లి పెంపకపు దోషమును కాదు. (ఆ రెండవ నిందను కొంతకాలము వైద్యులలోనే కొందఱు మోపిరి.)

బస్సు మోత, లౌడుస్పీకరు పాట, మనుష్యుల కేకలు ఒక్కమాఱుగా చెవిని బడినను, పలువురు కావలసినది విని తక్కినది విడిచెదరు. ఇట్టి బాలురలో అనేకులకు ఆ విడుచుట చేతకాదు. ఆ గందరగోళమున, వరుస తప్పని గింజలు వానికి ఊతకఱ్ఱ. అడిగినదే అడుగుటయు, తల్లి జవాబు మారలేదను ధైర్యము కొఱకే కావచ్చును. ఊతకఱ్ఱను లాగివైచి నడువుమనుట ఏమి న్యాయము? ఉదయగిరిలో కొయ్యచెంచాలు చెక్కువారు ఒకే తీరు పనిని దినమెల్ల చేయుదురు; లోకము దానిని పనితనమని మెచ్చును. వారి చెంచా అమ్ముడుపోవును, వీని వరుస అమ్ముడుపోదు. భేదము చాలవఱకు అంతియే.

అయినను చేసినదే చేయుటలన్నియు ఒక్కటి కావు. చేతులు మురికియైనవను తలంపు కొందఱు పిల్లలను వారికిష్టము లేకయే పీడించును. చర్మము చిట్లువఱకు కడుగుకొన్నను వారికి నెమ్మది యుండదు. గింజలు పేర్చువానికి అందు సంతోషము కలదు. వీరికి భయమే కలదు. మాట రాని పిల్లవాడు ఈ భేదమును చెప్పజాలడు గనుక, పెద్దలు వాని మొగమును జూచి తెలిసికొనవలెను. తలను గోడకు కొట్టుకొనుట క్రొత్తగా మొదలిడినచో పంటినొప్పియో చెవిపోటో కారణము కావచ్చును. అట్టి వేళ వైద్యుని యొద్దకు కొనిపోవలెనే గాని తాయెత్తుతో కాలము పుచ్చరాదు.

బుద్ధివికాసము మందగించినవారి నిమిత్తము సికింద్రాబాదులో 1984లో ఒక జాతీయసంస్థ ఏర్పడినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజమును చేర్చినది. తక్కిన పిల్లలతో బడిలో కూర్చుండు హక్కు వానికి కలదు. కాని కలువాయికి సికింద్రాబాదు దూరము. ప్రక్కబల్లమీది పిల్లవాడు దగ్గర. బస్సు రాదని తెలిసినప్పుడు ముందుగా చెప్పుట, గింజలకు కాలు తగులకుండ తప్పుకొనుట, ఒకనాడు ప్రక్కన కూర్చుండి మఱియొక గింజ నందించుట వాడు చేయగలడు. బాలుడు దానిని వరుసలో పెట్టునో, త్రోసివేయునో తెలియదు. త్రోసివేసినను అది కోపము కాదు.