పేరు అల్లూరిది, పెత్తనం ఎవరిది?

1922 ఆగస్టులో అల్లూరి దండు రాజవొమ్మంగి పోలీసు ఠాణాపై పడి తుపాకులు పట్టుకుపోయింది. వందేళ్లకు, 2022 ఏప్రిల్ 4న, ఆ వీరుడి పేరిట జిల్లా పెట్టి రాజవొమ్మంగి మండలాన్ని అందులో కలిపారు. జిల్లా కేంద్రమో, ఘాట్ రోడ్లకవతల పాడేరు! మళ్లీ 2025 నవంబరులో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా అన్నారు. గిరిజనుల ఊళ్లు ముంచిన ప్రాజెక్టు పేరే గిరిజనుల జిల్లాకు! (ఇదీ వరమే కాబోలు.)

కలెక్టరాఫీసు దగ్గరైతే మంచిదే. కానీ ఈ గీతలన్నీ ఏ గ్రామసభనడిగి గీశారు? 1996 నాటి పెసా చట్టం గ్రామసభకిచ్చిన మాట ఫైళ్లు దాటదేం? 1/70 ఉండగానే కొండ కింద భూములు ఎవరి చేతుల్లోకి పోతున్నాయి? జిల్లాకు చట్టం చేసే అధికారం లేదు, బడ్జెట్ రాసుకునే అధికారం అంతకన్నా లేదు. అందుకే మనం రాష్ట్రం అంటున్నాం.