మూడు రోజుల సంచి మనకు చాలదు

వానాకాలం మొదలవగానే ఫోన్లలో ఒక జాబితా తిరుగుతుంది. ఆపదలో మూడు రోజులు బతకడానికి కావలసిన సంచి: నీళ్ల సీసాలు, డబ్బాల్లో తిండి, టార్చి, విజిల్, పవర్ బ్యాంకు, ప్రథమ చికిత్స పెట్టె. ఆన్‌లైన్లో అన్నీ సర్దిన సంచులే దొరుకుతున్నాయి. అది ఇంట్లో ఉంటే ఇక నిశ్చింతేనని చదువుకున్న కుటుంబాల్లో నమ్మకం కుదిరిపోయింది. కృష్ణా తుంగభద్రల దాపున అమరచింత, ఆత్మకూరు, గద్వాల, అలంపూర్ వైపు బతికేవాళ్లకు ఆ నమ్మకం చేటు చేస్తుందని నా వాదన.

నీళ్ల లెక్కే చూడండి. అమెరికా ప్రభుత్వం తన పౌరులకు చెప్పేది మనిషికి రోజుకొక గ్యాలన్, దాదాపు 3.8 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 57 లీటర్లు, అంటే 57 కిలోల బరువు. తుపాను వెలిసేదాకా తలుపులు మూసుకుని ఇంట్లోనే ఉండేవాళ్లకు అది సరిపోతుంది. ఏరు ఊళ్లోకి వస్తుంటే ఒక చేత్తో ముసలమ్మను, ఇంకో చేత్తో పిల్లను పట్టుకుని మిట్టకు నడిచే మనిషి దాన్ని ఎక్కడ మోస్తాడు? క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్ పొట్లాలు, బీపీకో షుగరుకో రోజూ వేసుకునే మాత్రలు గుప్పెడు చోటులో పడతాయి. ఆ మాత్రం చాలు.

2009 అక్టోబరు మొదట్లో కృష్ణా తుంగభద్రలు ఒక్కసారే పొంగాయి. కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి, నేతగాళ్ల ఊరు, నీళ్లపాలైంది. అన్నం పొట్లాలు, పాత బట్టలు లారీల్లో వచ్చాయి. మన జనం ఆకలిగొన్నవాళ్లను వదిలెయ్యరు. కష్టమంతా నీళ్లు తీశాక మొదలవుతుంది. నష్టపరిహారం జాబితాలో పేరెక్కాలి, ఇల్లు తనదేనని చూపాలి, మగ్గం ఉండేదని నమ్మించాలి. ఇవేవీ మూడు రోజుల్లో తేలే పనులు కావు, నెలలు పడతాయి. ఆ నెలలను దాటించే సరుకు అమ్మకపు సంచిలో లేదు. కాగితాల ముచ్చట ఆ జాబితాల్లో ఉన్నా ఎక్కడో అడుగున ఉంటుంది.

తడిసిన పట్టాదారు పాసుపుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి, విడదీయబోతే అక్షరాలు అవతలి పేజీకి పోతాయి, రబ్బరు ముద్ర నీలి మరకగా మిగులుతుంది. ఇలాంటి కాగితాలన్నీ మనం దాచేదెక్కడ? ట్రంకు పెట్టెలో, మంచం కింద. అంటే నీళ్లు ముందుగా చేరే చోట.

అన్నీ డిజీలాకర్‌లో ఉన్నాయి కదా అంటారు. ఆధార్ మళ్లీ దింపుకోవాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ రావాలంటే సిమ్ము ఉండాలి. పోయిన సిమ్ము మళ్లీ తీసుకోవాలంటే ఎక్కువగా ఆధారే అడుగుతారు. ఆధార్ నంబరు నోటికొచ్చినవాళ్లు ఇంటికి ఒక్కరైనా ఉంటారా? మహిళా సంఘం పొదుపు పుస్తకం, బంగారం తాకట్టు చీటీ, తెల్ల కాగితం మీద రాసుకున్న తాతలనాటి సాదా బైనామా ఏ లాకర్‌లోనూ ఉండవు.

మగ్గం సంగతి ఇంకా ఘోరం. గుంట మగ్గంలో నేతగాడి కాళ్లుండేది నేలమట్టం కంటే కిందనే. ఊరు మునగనక్కర్లేదు, ముసురు పట్టి నేల చెమ్మగిల్లితే గుంటలోకి నీరు ఊరుతుంది. పడుగు, జరీ చాలాచోట్ల మాస్టర్ వీవర్ ఇచ్చినవి. అవి పాడైతే కూలి పోవడమే గాక అప్పు మిగులుతుంది. మగ్గానికేసిన జియో ట్యాగ్ నంబరు, నేసే మనిషి పక్కన ఉండగా తీసిన మగ్గం ఫొటో, ఎవరి నూలు ఎంత తెచ్చామో రాసిన చీటీ: అమరచింతలో నేసే ఇంటి సంచిలో విజిల్ కంటే ముందు ఉండవలసినవి ఇవి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో జనం మేడల మీద రోజుల తరబడి పాలకు, నీళ్లకు అల్లాడారు. నిజం. అలాంటి చోట నీళ్ల సీసాలు ప్రాణం నిలుపుతాయి, కాదనను. ఆ తర్వాత సాయం మాత్రం కింది అంతస్తుకు 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000 అని లెక్కగట్టి ఇచ్చారు. ఎవరు ఏ అంతస్తులో ఉన్నదీ చూపుకోవలసి వచ్చింది అక్కడా.

ఈ సంచి నమ్మకంలో నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. కొనుక్కున్నవాడు సిద్ధంగా ఉన్నాడు, కొననివాడిది నిర్లక్ష్యం అన్న తీర్పు. కృష్ణ మీది జూరాల ప్రాజెక్టు గేట్లు బాగా ఎత్తితే నది మధ్యనున్న గుర్రంగడ్డ ఊరికి రాకపోకలు తెగిపోతాయి. అక్కడ నిండు చూలాలికి కావలసింది పడవ, పడవ నడిపే మనిషి, ఒడ్డున అంబులెన్సు. వాటిని ఏ ఇల్లూ కొనలేదు. పశువులను దాటించే ఏర్పాటు లేకపోతే రైతు ఇల్లు విడిచి రమ్మన్నా రాడు.

సిద్ధపడటం ఒంటరి ఇంటి పని కాదు, ఊరిది. అందుకే, కనీసం కాగితాల కోసం, జూన్‌లో, గేట్లు ఎత్తకముందే, ఏటి ఒడ్డు ఊళ్ల పంచాయతీల్లో తహసీల్దారు మనుషులు ఒక రోజు కూర్చోవాలి. ప్రతి ఇంటి కాగితాలకూ నకళ్లు తీసి ఒక ప్రతి మండల ఆఫీసులో ఉంచాలి, ఇంకొకటి ఇంటివాళ్లకివ్వాలి. ఇంట్లో దాన్ని ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ పొరలో చుట్టి, మూతి రెండుసార్లు మడిచి, రబ్బరు బ్యాండు బిగించి అటక మీద పెట్టాలి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు పెన్సిలుతో రాసి అందులోనే వెయ్యాలి, పెన్సిలు రాత తడికి చెదరదు. ఆ పంచాయతీ రోజు పెట్టమని ఈ సంవత్సరమే గ్రామసభలో అడగండి.