విన్నవి – వినదగినవి: పాట యెవరిది?



గ్రామఫోను ప్లేట్లు మన దేశమునకు క్రొత్తగా వచ్చిన దినములలో పాట చివర గాయని తన పేరు తానే చెప్పెడి వాడుక యుండెను. 1902వ సంవత్సరమున కలకత్తాలో పాడుట కారంభించిన గౌహర్ జాన్ గారి ప్లేట్లలో ఈ సంగతి నేటికిని వినవచ్చును. మూడు నిమిషముల పాట ముగియగానే ఆమె ఇంగ్లీషులో తన పేరు స్పష్టముగా పలికి విరమింతురు. ఇది గర్వముచే చేసిన పని కాదు. మూలపుటచ్చులు ఓడలమీద జర్మనీ దేశమునకు పోయి, అచ్చట ప్లేట్లుగా తయారగుచుండెడివి. మన భాష యెఱుగని యా పనివారు ఏ పాట యెవరిదో తెలిసికొని, దానిపై సరియైన చీటి నంటించుట కీ యేర్పాటు ఉపకరించెను.

నేడు ఓడల పని లేదు. పాట క్షణములో చేతిలోని ఫోనునకు వచ్చును. పేరు మాత్రము దానితో వచ్చుట లేదు. తెరపై నటుని బొమ్మ యుండును, చిత్రము పేరుండును. పాట వ్రాసిన దెవరు, వెనుక తంత్రి మీటిన దెవరు, ఆ పదము తొలుత ఏ నోట పుట్టినది, అని వెదకబోయినచో ఎన్నో చోట్ల తడుముకొనవలెను. వంటయింట చేతులు తడిగా నున్న యిల్లాలికి అంత తీఱిక యెక్కడిది? అందుచేత 2023 మొదలు 2025 వఱకు వెలువడిన పాటల సంపుటములలో నేను శ్రద్ధగా విన్న యైదింటిని ఎన్నుకొని, ప్రతిదాని యెదుటను ఒకే ప్రశ్న నుంచితిని: ఈ పాట యెవరికి ఋణపడినది? ఆ ఋణము పేరు చెప్పి తీర్చినదా? నాదము, తాళము, సాహిత్యము వీనిని గూర్చి నా యిష్టానిష్టములు చెప్పకుండ నుండను. వానితో పాటు ఈ కొలతయు నుండవలెనని నా మతము.

మొదటిది మన హైదరాబాదునకు సంబంధించినది. ఆరూజ్ ఆఫ్తాబ్ అను గాయని లాహోరులో పెరిగి న్యూయార్కులో నివాస మేర్పఱచుకొనినది. 2022లో గ్రామీ బహుమానమును పొంది, పాకిస్తానీ కళాకారులలో ఆ గౌరవమును తొలుత దక్కించుకొనినది యీమెయే. 2024 మే నెలలో ఈమె ప్రకటించిన సంపుటము పేరు ‘నైట్ రెయిన్’. అనగా రాత్రి యేలుబడి. అందు ‘నా గుల్’ అను పాట యున్నది. దాని సాహిత్యము మహ్ లఖా బాయి చందా గారిది. 1768లో పుట్టి 1824లో గతించిన యీ కవయిత్రి నిజాము కొలువున నృత్యగానములకును కవితకును పేరొందినది, జాగీరులు గలది, తన గజళ్లు దివానుగా కూర్పబడిన తొలి ఉర్దూ కవయిత్రులలో ఒకతె. మౌలాలీ గుట్ట పాదమున తన తల్లికై కట్టించిన సమాధి మందిరమందే ఆమెయు నిద్రించుచున్నది. ఆటకత్తె యను నొక్క మాటతో లోకము ఆమెను ప్రక్కకు నెట్టినది. ఆ త్రోవన నిత్యము రాకపోకలు సాగించు మనలో నెందఱికి ఆమె పేరు తెలియును? రెండు వందల యేండ్ల తరువాత న్యూయార్కు నుండి వచ్చిన పాట ఆమెను మన ఇంటి గుమ్మమునకు తెచ్చినది.

పాట సంగతి చెప్పెదను. ఈమె గొంతు గంభీరము, తొందర యెఱుగనిది. హార్పు తంతులును బేసు తీగయు నడుమ నడుమ మెఱసి మరుగగును. పిల్లలు నిద్రించిన వెనుక దీపము తగ్గించి వినదగిన సంగీతమిది. ఐతే నాకొక కొఱత కనబడినది. గజలులో మొదటి పాదము మనల నూరించి, రెండవ పాదాంతమున పడవలసిన మాట పడగానే నోట ‘ఆహా’ యనిపింపవలెను. ఈమె అక్షరములను అంత దూరము సాగదీయుటచే ఆ మాట వచ్చువఱకు మొదటి పాదము మఱపునకు వచ్చును. నాదము దక్కినది, చమత్కారము జారినది. అర్థము తెలిసిన వారి ప్రక్కన కూర్చుండి యొకసారి, ఒంటరిగా నొకసారి విన్నచో రెండును దక్కును.

రెండవది ‘శక్తి’ బృందము వారి ‘దిస్ మూమెంట్’. 2023 జూనులో వెలువడి 2024లో గ్రామీ నందుకొనినది. 1977 తరువాత నలువదియాఱేండ్లకు వీరు చేసిన సంపుటమిది. జాన్ మెక్లాఫ్లిన్ గారి గిటారు, జాకిర్ హుస్సేన్ గారి తబలా, శంకర్ మహదేవన్ గారి గాత్రము, గణేశ్ రాజగోపాలన్ గారి వయొలిను, సెల్వగణేశ్ గారి కంజిర, ఇవి యిందలి యంగములు. తొలి పాటకు ‘శ్రీనీస్ డ్రీమ్’ అని, అనగా శ్రీని కన్న కల యని పేరిడిరి. ఆ శ్రీని మన పాలకొల్లులో పుట్టిన మాండలిను శ్రీనివాస్ గారే. పడమటి దేశపు చిన్న వాద్యమును కర్ణాటక కచేరీలో కూర్చుండబెట్టి, ఇదే బృందముతో దేశదేశములు తిరిగి, 2014లో నలువదియైదేండ్ల ప్రాయముననే దాటిపోయిన యా బిడ్డను వారు మఱవలేదు. ఆ తలపోత విని నా మనస్సు నిండినది.

ఇందు గిటారు నాదమును యంత్రముచే మెత్తపఱచిన పట్టులు నాకు రుచింపలేదు. తంత్రి తంత్రివలె పలికినప్పుడే వయొలినుతో దానికి స్నేహము కుదిరినది. తబలాకును కంజిరకును నడచిన సంవాదము మాత్రము పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని వినదగినది. తాళము వేయుచు విన్నచో లెక్క యెక్కడ తప్పుదుమో వారే చెప్పుదురు. 2024 డిసెంబరు 15వ తేదీన జాకిర్ హుస్సేన్ గారు శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూసిరి. ఆ కబురు తెలిసిన పిమ్మట విన్నచో ఆ వ్రేళ్ల నవ్వు మఱియొక తీరుగా వినబడును.

మూడవది మాటలు లేని సంగీతము. అనౌష్కా శంకర్ గారు 2023 మొదలు మూడు చిన్న సంపుటములను వరుసగా వెలయించి, 2025 మార్చిలో మూడవ దానిని ముగించిరి. ‘వియ్ రిటర్న్ టు లైట్’ అని దాని పేరు, వెలుగునకు మరలుట. ఆమె సితారునకు తోడుగా ఆలం ఖాన్ గారి సరోదును, సారథి కోర్వార్ గారి డ్రమ్ములును గలవు. అనౌష్కా తండ్రి రవిశంకర్ గారు, ఆలం తండ్రి అలీ అక్బర్ ఖాన్ గారు. వీరిరువురును మైహరులో ఒకే గురువు కడ నభ్యసించి, సితారు సరోదుల జుగల్బందితో లోకము నోలలాడించిరి. ఆ గురువు అల్లాఉద్దీన్ ఖాన్ గారు. అలీ అక్బర్ గారు ఆయన కుమారుడు. తండ్రుల సంవాదమును బిడ్డలు తమ కాలపు లయలో కొనసాగించుట ముచ్చటగా నున్నది. డ్రమ్ముల యుద్ధృతి కొన్ని యెడల హెచ్చినను, సరోదు పలుకరించినప్పుడు సితారు బదులు చెప్పెడి తీరులో ఇంటిమాట వినబడును.

ఈ సంపుటమును వినునప్పుడు నాకు వినబడని యొక వాద్యము మాటిమాటికి స్మృతికి వచ్చినది. అల్లాఉద్దీన్ గారికి అన్నపూర్ణాదేవి యను కుమార్తె యుండెను. సుర్‌బహార్ వాద్యమున ఆమెకు సాటి లేదని విన్నవారు చెప్పిరి. రవిశంకర్ గారి మొదటి భార్య యామెయే. హరిప్రసాద్ చౌరసియా, నిఖిల్ బెనర్జీ వంటి వారికి విద్య నేర్పిరి. ఐనను సభలలో వాయించుట మానిరి. అమ్మకమునకు ఒక్క ప్లేటైనను ఇయ్యక 2018లో గతించిరి. అన్నకును భర్తకును సంపుటములు లెక్కకు మిక్కిలి గలవు. ఆమె సంగీతము చాలవఱకు శిష్యుల వ్రేళ్లలోనే మిగిలినది. మౌనము ఆమె స్వయముగా కోరుకొనినదే కావచ్చును. దానిని తప్పుపట్టుటకు మన మెవరము? నష్టము మాత్రము మనదే. విద్య యెంత గొప్పదైనను నాదముగా నిలువనినాడు ముందు తరములకు వట్టి కథగా మిగులును.

నాలుగవది అమెరికా నుండి వచ్చినది. బియాన్సే గారి ‘కౌబాయ్ కార్టర్’ 2024 మార్చిలో వెలువడి, 2025లో ఆ యేటి మేటి సంపుటముగా గ్రామీ పొందినది. అచ్చటి దక్షిణ రాష్ట్రముల పల్లెపదముల నుండి పుట్టిన ‘కంట్రీ’ సంగీతము తెల్లవారి సొత్తని చాలకాలము చెల్లినది. ఆ పాటలకు ప్రాణమైన బాంజో వాద్యమో, ఆఫ్రికానుండి బానిసలుగా తేబడిన వారి తలపులతో పుట్టినది! ఈ సంపుటమున లిండా మార్టెల్ అను వృద్ధగాయని మాటలాడును. 1969లో గ్రాండ్ ఓల్ ఆప్రీ యను ప్రసిద్ధ వేదికపై ఏకాకినిగా పాడిన తొలి నల్లజాతి స్త్రీ యామె. 1970లో ఒకే యొక సంపుటము వెలువడినది. ఆ పిమ్మట తలుపులు మూసికొనిపోయినవి. బడిపిల్లల బస్సు నడుపుచు బ్రదికిన దినములును గలవు. ఏబది యేండ్లకు పైబడి యామె పేరు మరల లోకమున మ్రోగినది. ఋణము తీర్చుట యన్న నిట్లుండవలెను.

ఇక నా నిష్ఠురము. ఇరువదియేడు ఖండికలు! పెండ్లివిందున వడ్డనమీద వడ్డనము పెట్టినట్లున్నది. సగము వఱకే యాకలి తీఱినది. మఱియు డాలీ పార్టన్ గారి ‘జోలీన్’ పాటను ఇందు మార్చి పాడినారు. 1973 నాటి మూలమున ఒక యిల్లాలు తనకంటె సౌందర్యవతియగు స్త్రీని, నా భర్తను తీసికొనిపోవలదని వేడుకొనును. క్రొత్త పాటలో వేడికోలు పోయి బెదిరింపు వచ్చినది. స్త్రీ వంగరాదనుట మంచిమాటయే. కాని పాటగా విన్నప్పుడు నా గుండె మూలము వైపే మొగ్గినది. తన భయమును దాచుకొనక ఎదుటిదాని ముఖముననే చెప్పుటకు కావలసిన ధైర్యము బెదిరించుటకు అక్కఱలేదు. మీరు రెండును విని మీ తీర్పు మీరే చేసికొనుడు.

ఐదవది మన యింటిది. 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’ చిత్రమున భీమ్స్ సిసిరోలియో గారు సంగీతము కూర్చిరి. పల్లెటూరిని గూర్చిన పాటకు కాసర్ల శ్యామ్ గారికి సాహిత్యమునకు జాతీయ పురస్కారము వచ్చినది. మంగ్లీ, రామ్ మిరియాల గార్లు దానిని పాడిరి. పాట యింపైనదే, పలుకుబడి తెలంగాణ పలుకుబడియే. కాని నా దృష్టిలో ఆ చిత్రమునకు ప్రాణము చివరి పాట. ఇంటి పెద్ద పోయినాడు. పిండము కాకి ముట్టదు. బిడ్డలు ఒకరి నొకరు నిందించుకొనుచున్నారు. అప్పుడు వరంగల్లు ప్రాంతపు దంపతులు, కొమురమ్మ, మొగిలయ్య గార్లు, తమ కులవిద్యయగు కథాగానపు బాణిలో చనిపోయిన వాని తలపును పాటగా విప్పుదురు. ఆ గొంతులలో నగిషీ లేదు. పదము తరువాత పదము, ఊరిలో నిజముగా చావు జరిగిన యింట పాడినట్లే నడచును. కొమురమ్మగారు దీర్ఘము తీసినప్పుడు కంట నీరు నిలుపుకొనుట కష్టము. 2024 డిసెంబరులో మొగిలయ్యగారు గతించిరి. చిత్రము పేరు ప్రతి యింట తెలియును. ఆ దంపతుల పేర్లడిగినచో ఎందఱు చెప్పగలరు? ఇటువంటి విద్య ఆ యింటితో ముగియకుండ నుండవలెనన్నచో ముందుగా ఆ పేర్లు మన నోట నుండవలెను.

వరుస యడిగెదరేని, మధ్యాహ్నము పనులు తీఱిన వేళ ‘శక్తి’, ప్రొద్దుపోయిన వెనుక ఆరూజ్, తెల్లవాఱుజామున అనౌష్కా. బియాన్సేను రెండు విడతలుగా వినుడు. కొమురమ్మగారి పాట మాత్రము పని చేయుచు వినవలదు. చేతులు కడిగికొని కూర్చుండి వినుడు. ఫోనులో పాట ప్రక్కన మూడు చుక్కలుండును. వానిని నొక్కినచో కొన్నిటియందు వ్రాసినవారి పేరు, వాయించినవారి పేరు కనబడును. అర నిమిషము పని.

ఆ ఫోనుతోనే చేయదగిన మఱియొక పని కలదు. మీ యింట అత్తగారికో అమ్మమ్మగారికో దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, బతుకమ్మ పాటలు వచ్చియుండును. అవి యే సంపుటమునను లేవు. ఆమెతోడనే యుండి ఆమెతోడనే పోవును. ఈ వారముననే యొక సాయంకాలము ఆమెచేత పాడించి ఫోనులో నిలుపుడు. గొంతు వణకినను, నడుమ మఱచినను ఆపవలదు. పాట ముగియగానే ఆమె పేరు, పుట్టిన యూరు, ఆ పాట నేర్పినవారి పేరు ఆమె నోటనే చెప్పింపుడు.